బ్రిటిష్ పాస్‌పోర్ట్‌తో బెర్లిన్‌లో నిలదొక్కుకోవడం: కుర్రకారుకు, వాళ్ళ అమ్మానాన్నలకు ఒక మార్గదర్శి

మా అక్క కొడుకు ఇంగ్లండ్‌లోనే పుట్టాడు, అక్కడే చదువుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళకు ఒక రోజు ఫోన్ చేసి, "పిన్నీ, బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చేస్తున్నా" అన్నాడు. నేను అప్పటికే ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. గుంటూరు నుంచి వచ్చినప్పుడు నేను వీసా కోసం కాళ్ళరిగేలా తిరిగాను కాబట్టి, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికి ఏముంటుందిలే, రెండు గంటల విమానం ఎక్కి దిగిపోతాడు అనుకున్నాను. నా అంచనా తప్పు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలేయడంతో, 2020 డిసెంబర్ 31తో ఆ రోజులు అయిపోయాయి. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ పౌరులు కూడా జర్మనీకి, మనలాగే, యూరోపియన్ యూనియన్ బయటి వాళ్ళు. కొన్ని వెసులుబాట్లు మిగిలాయి, అంతే.

వాడి మొదటి ఆరు నెలలు దగ్గరుండి చూశాక నాకు అర్థమైంది ఒకటే. ఇక్కడ ఏ పనీ కష్టమైనది కాదు, కానీ ప్రతి పనికీ ఒక వరుస ఉంది. వరుస తప్పితే పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్నట్టు తయారవుతుంది. ఇంటి అడ్రస్ లేనిదే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేనిదే ట్యాక్స్ నంబర్ లేదు, చాలా బ్యాంకుల్లో అకౌంటూ ఇవ్వరు, ఇవేవీ లేనివాడికి ఇల్లివ్వడానికి ఓనరు ముందుకు రాడు. అందుకే ఈ మార్గదర్శిని ఆ వరుసలోనే రాస్తున్నాను. బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాల్లో పిల్లలెవరైనా బెర్లిన్ వైపు చూస్తుంటే ఒకసారి పూర్తిగా చదివి, తర్వాత ఒక్కో అడుగూ దగ్గర పెట్టుకోండి.

మొదటి అడుగు: 90 రోజుల లెక్క అర్థం చేసుకోండి

బ్రిటిష్ పాస్‌పోర్ట్ మీద షెంగెన్ దేశాల్లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో, వీసా లేకుండా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండొచ్చు. ఇది దేశానికొక 90 కాదు, అన్నిటికీ కలిపి 90. పోయిన నెల స్పెయిన్‌లో గడిపిన రెండు వారాలు కూడా ఇందులోకే వస్తాయి. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దుల్లో ముద్రల స్థానంలో ఫోటో, వేలిముద్రలతో కంప్యూటర్ నమోదు మొదలైంది కాబట్టి లెక్క అటూ ఇటూ అయితే యంత్రమే పట్టేస్తుంది.

సందర్శకుడిగా వచ్చినవాడికి పనిచేసే హక్కు లేదు. "లాప్‌టాప్ తెచ్చుకుని లండన్ ఉద్యోగమే ఇక్కడ కూర్చుని చేసుకుంటా, ఎవరు చూస్తారు" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. రేపు పర్మిట్‌కు వెళ్ళినప్పుడు ఈ నెలలు ఎలా గడిచాయో చెప్పాల్సి వస్తుంది.

పాస్‌పోర్ట్‌కు రెండు షరతులు. ప్రవేశించే రోజుకు అది జారీ అయి పదేళ్ళు దాటి ఉండకూడదు, తిరిగి వెళ్ళే రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి. పాత పాస్‌పోర్టుల్లో కొన్నిటికి పదేళ్ళ మీద కొన్ని నెలలు కలిపి ఇచ్చేవాళ్ళు. ఆ కలిపిన నెలలు ఇక్కడ లెక్కకు రావు. టికెట్ కొనేముందు జారీ తేదీ చూడండి.

రెండో అడుగు: ఏ దారిన వస్తున్నారో తేల్చుకోండి

బ్రిటిష్ వాళ్ళకు జర్మనీ ఇచ్చిన పెద్ద వెసులుబాటు ఇది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి కొద్ది దేశాల వాళ్ళలాగే వీళ్ళు కూడా వీసా లేకుండా వచ్చి, ఆ 90 రోజుల లోపల ఇక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు ఇది లేదు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

కానీ మెలిక ఉంది. ఇక్కడికి వచ్చి అప్లై చేస్తే, పర్మిట్ చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. బెర్లిన్‌లో అది వారాలు కావచ్చు, నెలలు కావచ్చు. ఫలానా తేదీన ఉద్యోగంలో చేరాలని కంపెనీ పట్టుబడితే, బ్రిటన్‌లో ఉండగానే జర్మన్ ఎంబసీ ద్వారా వర్క్ వీసా తీసుకుని రావడమే మంచిది. నన్నడిగితే చేతిలో కాంట్రాక్ట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇదే చెబుతాను. మా వాడు ముందు వచ్చి తర్వాత అప్లై చేశాడు. జీతం లేకుండా నడిచిన ఆ వారాల్లో సేవింగ్స్ కరిగిపోతుంటే వాడు పడ్డ టెన్షన్ నేను చూశాను.

ఇక పర్మిట్ రకాలు. డిగ్రీ ఉండి, దానికి తగ్గ ఉద్యోగం ఉంటే బ్లూ కార్డ్. 2025లో దానికి ఏడాదికి కనీసం 48,300 యూరోల జీతం కావాల్సి వచ్చేది. కొత్తగా డిగ్రీ పూర్తిచేసిన వాళ్ళకు, కొరత ఉన్న వృత్తుల వాళ్ళకు 43,759.80 సరిపోయేది. ఈ అంకెలు ప్రతి జనవరిలో మారతాయి, మీరు అప్లై చేసే ఏడాది అంకె చూసుకోండి. డిగ్రీ లేకపోయినా, చదివింది ఒకటి దొరికిన ఉద్యోగం ఇంకొకటి అయినా నిరాశ పడకండి. బ్రిటిష్ పౌరులకు ఉద్యోగ నియమాల్లో ప్రత్యేకంగా ఒక దారి ఉంది. ఏ రకం ఉద్యోగమైనా, ఫెడరల్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ ఒప్పుకుంటే, పర్మిట్ ఇవ్వొచ్చు. జీతం, పని షరతులు స్థానికులతో సమానంగా ఉన్నాయా, ఆ పనికి ఇక్కడి వాళ్ళు అందుబాటులో ఉన్నారా అని ఆ ఏజెన్సీ చూస్తుంది. కెఫేలో పనికీ, చిన్న స్టార్టప్‌లో పనికీ ఈ దారే చాలామందికి ఉపయోగపడింది.

ఉద్యోగం ఇంకా లేనివాళ్ళకు 2024 జూన్ 1 నుంచి ఛాన్సెన్‌కార్టె ఉంది, అంటే అవకాశాల కార్డు. పాయింట్ల పద్ధతి, ఏడాది వరకు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పని చేయొచ్చు. ఖర్చులకు సరిపడా డబ్బు మాత్రం చూపించాలి. 2025లో అది నెలకు 1,091 యూరోలు.

డాక్టర్లు, నర్సులు, టీచర్లు మాత్రం విడిగా ఆలోచించుకోవాలి. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ అర్హతలకు యూరప్‌లో ఆటోమేటిక్ గుర్తింపు పోయింది. గుర్తింపు ప్రక్రియ అయ్యాకే టికెట్ కొనండి.

మూడో అడుగు: బ్రిటన్‌లో ముడులు విప్పుకుని రండి

ఇది అందరూ నిర్లక్ష్యం చేసేది. దేశం వదులుతున్నట్టు పన్నుల శాఖకు పీ85 ఫారం పంపాలి. స్టూడెంట్ లోన్ ఉంటే, మూడు నెలలకు మించి బయట ఉండబోతున్నట్టు లోన్ కంపెనీకి చెప్పి, విదేశీ ఆదాయం ఫారం నింపాలి. చెప్పకపోతే మీ జీతంతో సంబంధం లేకుండా నెలకింత అని ఒక మొత్తం వేసేస్తారు. చెబితే ఆదాయాన్ని బట్టే కడతారు.

బ్రిటిష్ ఫోన్ నంబర్ వదులుకోకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. నెలకు తక్కువ ఖర్చయ్యే ప్లాన్‌లోకి మార్చుకుని ఉంచండి. ఓటు కూడా నిలబెట్టుకోండి. విదేశంలో 15 ఏళ్ళు దాటితే ఓటు పోయే నియమం 2024 జనవరిలో తీసేశారు.

ఇక సూట్‌కేసు. అమ్మలందరికీ ఇది ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు వ్యక్తిగత సామానులో కూడా తేకూడదు. అంటే ఇంట్లో కాచిన నెయ్యి సీసా, కోడి పచ్చడి, పాలకోవా అన్నీ ఇందులో పడతాయి. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. తాజా మొక్కలు, ఆకులు, పండ్లలో చాలావాటికి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి, ఎండబెట్టిన కరివేపాకు పొడి హాయిగా తీసుకురండి. మా అక్క మొదటిసారి రెండు కిలోల నెయ్యి సర్దింది. నేను ఫోన్‌లో చెప్పి తీయించాను. ఇక్కడ దొరికే ఉప్పు లేని వెన్న కాచుకుంటే నెయ్యి బ్రహ్మాండంగా వస్తుంది, వాడికి కాచడం నేర్పించాను. పోస్టులో పంపే పార్సిళ్ళకూ ఇవే నియమాలు, పైగా కస్టమ్స్ ఫారం. గిఫ్ట్ విలువ 45 యూరోలు దాటితే పన్ను పడుతుంది.

నాలుగో అడుగు: ఇల్లు

అసలు యుద్ధం ఇక్కడే. బెర్లిన్‌లో ఇల్లు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కష్టం, ఈ మాట పెంచి చెప్పడం లేదు. కాబట్టి నేరుగా సొంత ఫ్లాట్ కోసం వెతక్కండి. మొదటి ఏడాదికి వేగే, అంటే నలుగురైదుగురు కలిసి ఉండే షేరింగ్ ఇంట్లో ఒక గది, చాలు. వేగే-గెజూఖ్ట్, క్లైన్‌అన్‌త్సైగెన్, ఇమ్మోస్కౌట్ అనే సైట్లలో చూడండి. గదికి నెలకు 600 నుంచి 800 యూరోలు మామూలు మాట.

ప్రకటనల్లో మూడు మాటలు గుర్తుపట్టాలి. కల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్ళు, మెయింటెనెన్స్ కలిపినది. కరెంటు, ఇంటర్నెట్ తరచు దానిపై అదనం. త్స్విషెన్‌మీటె అంటే అసలు అద్దెదారు కొన్నాళ్ళు ఊరెళ్ళి తన గది మీకిచ్చి వెళ్ళడం. ఇవన్నీ బాగానే ఉంటాయి. కానీ "ఓనె అన్‌మెల్డుంగ్" అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. అంటే ఆ అడ్రస్ మీద రిజిస్టర్ చేసుకోనివ్వరని అర్థం. ఎంత చవగ్గా ఉన్నా, ఎంత అందంగా ఉన్నా, అది మీకు పనికిరాదు. ముందు చెప్పిన గొలుసు మొత్తం అక్కడే తెగిపోతుంది. మా వాడు క్రాయిట్స్‌బెర్గ్‌లో కాలువ పక్కన అలాంటి గది చూసి మనసు పారేసుకున్నాడు. గట్టిగా వద్దన్నాను. చివరికి వెడ్డింగ్ అనే పేటలో, కాస్త దూరంగా, రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకున్న ఇంట్లో చేరాడు.

మోసాల తీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ప్రెంట్స్‌లావర్ బెర్గ్ లాంటి ఖరీదైన పేటలో, మెరిసిపోయే ఫోటోలతో, సగం అద్దెకు ఫ్లాట్. ఓనరు మాత్రం విదేశంలో ఉంటాడు, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానంటాడు. ఇల్లు కళ్ళతో చూడకుండా, మీరో మీ తరఫున నమ్మకమైన వాళ్ళో తలుపు తీసి లోపలికి వెళ్ళకుండా, ఒక్క యూరో కూడా పంపకండి. పాస్‌పోర్ట్ స్కాన్ కూడా పంపొద్దు.

వేగేలో గది ఇవ్వడానికి ముందు ఇంట్లో వాళ్ళు మిమ్మల్ని పిలిచి, టీ ఇచ్చి, గంటసేపు మాట్లాడతారు. ఇది ఇంటర్వ్యూనే. వంట చేస్తావా, పాత్రలు ఎప్పుడు కడుగుతావు, ఇంట్లో నుంచే పని చేస్తావా అని అడుగుతారు. నిజం చెప్పండి. మొదటి మెసేజ్ రాసేటప్పుడు ప్రకటన చదివినట్టు తెలిసేలా రాయండి, వచ్చీరాని జర్మన్‌లో రెండు వాక్యాలైనా పెట్టండి. అందరికీ ఒకే మెసేజ్ కాపీ చేసి పంపితే జవాబు రాదు.

డిపాజిట్ ఉత్త అద్దెకు మూడు నెలల మొత్తాన్ని దాటకూడదని చట్టం. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. చేరే రోజున ఇల్లు ఎలా ఉందో రాసిన అప్పగింత పత్రం మీద ఇద్దరూ సంతకం చేయండి. గోడ మీద గీతలు, బాత్రూమ్ టైల్ పగులు, కరెంటు మీటరు అంకె అన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు డిపాజిట్ వెనక్కి తెచ్చేది ఇవే. ఇంకో మాట, ఖాళీ ఫ్లాట్ తీసుకుంటే చాలాసార్లు వంటగదిలో స్టవ్వు, సింకు, అల్మరా ఏవీ ఉండవు. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ళు ఇది చూసి నిర్ఘాంతపోతారు. ముందే అడగండి.

ఐదో అడుగు: అన్‌మెల్డుంగ్

ఇంట్లో చేరిన 14 రోజుల్లో బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌర సేవల ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి. బెర్లిన్‌లోని 12 జిల్లాల్లో ఏ ఆఫీసుకైనా వెళ్ళొచ్చు, మీ పేటదే కానక్కర్లేదు. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, లేదా 115కు ఫోన్ చేయాలి. సైట్‌లో ఖాళీలు కనిపించకపోతే వదిలేయకండి. ఎవరో రద్దు చేసుకున్నవి ఉదయాన్నే కనిపిస్తుంటాయి, మాటిమాటికీ చూస్తూ ఉండాలి. 14 రోజుల్లో దొరక్కపోయినా, దొరికిన తొలి తేదీ బుక్ చేసి ఆ రుజువు ఉంచుకోండి.

తీసుకెళ్ళాల్సినవి పాస్‌పోర్ట్, నింపిన ఫారం, ఇంకా ఇంటి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం. దాని పేరు చాంతాడంత ఉంటుంది, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఇల్లిచ్చినవాడు "ఈ మనిషి ఫలానా తేదీన మా ఇంట్లో చేరాడు" అని రాసిచ్చే కాగితం. అద్దె అగ్రిమెంట్ దీనికి బదులు కాదు. చాలామంది అగ్రిమెంట్ పట్టుకుని వెళ్ళి వెనక్కి వచ్చేస్తారు.

ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను మొదలవుతుంది. బెర్లిన్‌లో అది మీ ఆదాయ పన్ను మీద 9 శాతం. చర్చికి ఇవ్వాలనుకునే వాళ్ళు నిండు మనసుతో రాయండి. దాని అర్థం తెలియకుండా మాత్రం రాయకండి. మన క్రైస్తవ కుటుంబాల పిల్లలు చాలామంది నిజాయతీగా రాసేసి, మొదటి పే స్లిప్ చూసి కంగారు పడతారు.

పదిహేను నిమిషాల్లో ముద్ర వేసిన కాగితం చేతికిస్తారు. ఆ కాగితం ఫోటో తీసి ఇంటికి పంపండి. బెర్లిన్‌లో మీ ఉనికి మొదలయ్యేది దానితోనే.

ఆరో అడుగు: పోస్టు డబ్బా మీద పేరు

దీనికి విడిగా ఒక అడుగు ఎందుకంటే, మా వాడికి జరిగిన అతి పెద్ద నష్టం ఇక్కడే. బ్రిటన్‌లో ఫ్లాట్ నంబర్ రాస్తే ఉత్తరం వచ్చేస్తుంది. బెర్లిన్‌లో ఫ్లాట్లకు చాలావరకు నంబర్లే ఉండవు. పోస్ట్‌మన్ డబ్బా మీద ఇంటిపేరు చూసి వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది.

వెడ్డింగ్‌లో ఆ ఇంటి కింద అంతస్తులో వరుసగా ఇరవై నాలుగు ఇనుప డబ్బాలు. వీళ్ళ ఫ్లాట్ డబ్బా మీద అప్పటికే నాలుగు ఇంటిపేర్లు, ఒకదాని మీద ఒకటి అంటించిన టేపులు. వీడు "తర్వాత పెడదాంలే" అన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు మూడు వారాల్లో పోస్టులో రావాల్సిన ట్యాక్స్ నంబర్, పదకొండు అంకెలది, రాలేదు. ఆ నంబర్ లేకపోతే కంపెనీ ఆరో ట్యాక్స్ క్లాసు కింద పన్ను కోయొచ్చు. అది అన్నిటికంటే ఎక్కువ కోత. మొదటి జీతం రోజు ఫోన్ చేసి, "పిన్నీ, ఇదేంటి, దాదాపు సగం పోయింది" అని గొంతు పట్టేసి మాట్లాడాడు. ఆ సాయంత్రమే వెళ్ళి చూస్తే విషయం తెలిసింది. తెల్ల కాగితం ముక్క మీద వాడి ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి, టేపుతో డబ్బా మీద, కింద గేటు దగ్గర కాలింగ్ బెల్ పక్కన, పై తలుపు మీద మూడు చోట్లా అంటించాం. మన ఇంటిపేర్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి రెండు వరుసల్లో రాశాం. నంబర్‌కు మళ్ళీ అడిగితే పోస్టులోనే పంపారు. తర్వాతి నెల జీతంలో ఎక్కువ కోసింది సర్దుబాటు చేసి ఇచ్చారు. డబ్బు పోలేదు, కానీ ఆ నెల అద్దెకు నేనే సర్దాను.

తాళాలు తీసుకున్న రోజే పేరు అంటించండి. ఇంట్లో చేరి సామాను విప్పకముందే చేయాల్సిన పని ఇది.

ఆ డబ్బాలోకి త్వరలోనే రేడియో, టీవీల రుసుము ఉత్తరం కూడా వస్తుంది. నెలకు 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకపోయినా కట్టాలి. కానీ ఇది మనిషికి కాదు, ఇంటికి. షేరింగ్ ఇంట్లో ఎవరో ఒకరు కడుతుంటే వాళ్ళ నంబర్ రాసి పంపితే చాలు. ఉత్తరాన్ని పక్కన పడేస్తే బకాయి పెరుగుతూనే ఉంటుంది.

ఏడో అడుగు: హెల్త్ ఇన్సూరెన్స్

బ్రిటన్‌లో పెరిగినవాళ్ళకు ఇది కొత్త. అక్కడ ఆసుపత్రికి వెళ్తే ఎవరూ కార్డు అడగరు. ఇక్కడ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది లేకుండా పర్మిట్ కూడా రాదు. బ్రిటిష్ హెల్త్ కార్డు టూరిస్టుగా వచ్చినప్పుడు పనికొస్తుంది, కాపురం ఉండేవాళ్ళకు కాదు.

ఉద్యోగం చేసేవాళ్ళు టేకా, ఆఓకా, బార్మర్ లాంటి ప్రభుత్వ పద్ధతి ఫండ్లలో ఒకటి ఎంచుకుని కంపెనీకి చెబితే చాలు. జీతంలో 14.6 శాతం, దాని మీద ఫండును బట్టి కొంత అదనం. సగం కంపెనీ కడుతుంది. ఫ్రీలాన్స్ చేసేవాళ్ళు మొత్తం తామే కట్టుకోవాలి, అందుకే ఫ్రీలాన్స్ లెక్కలు వేసేటప్పుడు ఇది మరిచిపోకండి. చవగ్గా ఉందని ప్రైవేటు ఇన్సూరెన్స్‌లోకి దూకొద్దు. వయసులో ఉన్నప్పుడు తక్కువే ఉంటుంది, తర్వాత పెరుగుతుంది, ప్రభుత్వ పద్ధతిలోకి తిరిగి రావడం కష్టం.

జబ్బు చేసినప్పుడు ఇలా. ప్రాణాపాయమైతే 112. రాత్రిపూట, సెలవు రోజుల్లో డాక్టరు కావాలంటే 116117. మామూలు రోజుల్లో మీ పేటలోని ఫ్యామిలీ డాక్టర్. వెయిటింగ్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే కూర్చున్నవాళ్ళందరికీ "గూటెన్ టాగ్" చెప్పడం ఇక్కడి మర్యాద. పారాసిటమాల్ సూపర్ మార్కెట్‌లో దొరకదు, మందుల షాపులోనే కొనాలి, ఆదివారం అవి మూసి ఉంటాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్న షాపు ఏదో తలుపు మీద రాసి పెడతారు. ఒక పెట్టె ఇంట్లో ఉంచుకోండి.

మన వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి, నెలకు కొద్ది యూరోలకే వస్తుంది. అపార్ట్‌మెంట్ ఉమ్మడి తాళం పోగొడితే మొత్తం బిల్డింగ్ తాళాలు మార్చిన ఖర్చు మీ మీద పడొచ్చు. పాలసీలో తాళాల సంగతి ఉందో లేదో చూసి తీసుకోండి.

ఎనిమిదో అడుగు: పర్మిట్

వీసా లేకుండా వచ్చినవాళ్ళు ఈ పనిని 90 రోజుల చివరకు తోయొద్దు. బెర్లిన్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసును అందరూ పొట్టిగా ఎల్‌ఈఏ అంటారు. చాలా రకాల దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే. పాస్‌పోర్ట్, కాంట్రాక్ట్, కంపెనీ నింపి సంతకం చేసిన ఉద్యోగ వివరాల ఫారం, డిగ్రీ, ఇన్సూరెన్స్ రుజువు, అన్‌మెల్డుంగ్ కాగితం, అద్దె అగ్రిమెంట్ సిద్ధంగా పెట్టుకోండి. గడువులోపల అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా ఇక్కడ ఉండొచ్చు. దరఖాస్తు అందినట్టు వచ్చే పత్రాన్ని ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌లో పెట్టుకోండి. ఆ సమయంలో దేశం దాటాల్సి వస్తే ముందు ఆ ఆఫీసును అడిగి కదలండి.

పర్మిట్ వచ్చాక కూడా ఒకటి గుర్తుండాలి. అది జర్మనీలో ఉండటానికి. పారిస్‌లోనో రోమ్‌లోనో గడిపే రోజులకు ఆ 90 రోజుల లెక్క మళ్ళీ ఉంటుంది, అక్కడ పని చేసే హక్కు రాదు.

ఉద్యోగం, జీతం గురించి కొంచెం

పెళ్ళికాని వాళ్ళకు, మధ్యరకం జీతానికి, చేతికొచ్చేది మొత్తంలో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువ. అద్దె ఒప్పుకునేముందు ఈ లెక్క వేసుకోండి. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, అప్పుడు రెండు వారాల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చు. వారానికి ఐదు రోజుల పనికి చట్టం ఇచ్చే కనీస సెలవు ఏడాదికి 20 రోజులు, చాలా కంపెనీలు 25 నుంచి 30 ఇస్తాయి. జ్వరం వస్తే మొదటి రోజు ఉదయమే చెప్పాలి, మూడు రోజులు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. జ్వరంతో ఆఫీసుకు వెళ్తే ఇక్కడ ఎవరూ మెచ్చుకోరు.

తొమ్మిదో అడుగు: ఊరు అలవాటు చేసుకోవడం

జర్మనీ అంతటా లోకల్ రైళ్ళు, బస్సులు తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. చాలా కంపెనీలు అందులో కొంత భరిస్తాయి, అడగండి. అది లేకుండా ఎయిర్‌పోర్ట్‌కు వెళ్తే నగరం లోపలి ఏ, బీ జోన్ల టికెట్ సరిపోదు, ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లో ఉంది. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. స్టేషన్లలో గేట్లు ఉండవు కాబట్టి లండన్ నుంచి వచ్చినవాళ్ళు పొరబడతారు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు మెషిన్‌లో ముద్ర వేయించుకోవాలి.

ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారమే సరుకులు తెచ్చుకోండి. సందుల్లో ష్పేటి అనే చిన్న కొట్లు ఆదుకుంటాయి కానీ ధర ఎక్కువ. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేయకూడదు, ఆదివారం పగలు కూడా డ్రిల్లింగ్ లాంటివి కుదరవు. చాలా ప్లాస్టిక్ సీసాల మీద, టిన్నుల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్ మార్కెట్‌లో మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది. బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్స్ ఇక్కడ స్థిరపడ్డాక ఆరు నెలలే చెల్లుతుంది, ఆలోపు పరీక్ష లేకుండానే జర్మన్ లైసెన్స్‌గా మార్చుకోవచ్చు.

పదో అడుగు: భాష, మనుషులు

ఇంగ్లిష్‌తో బెర్లిన్‌లో బతికేయొచ్చు. అదే ప్రమాదం. ఆఫీసులో ఇంగ్లిష్, ఇంట్లో ఇంగ్లిష్, సాయంత్రం సాటి బ్రిటిష్ పిల్లలతో ఇంగ్లిష్. ఆర్నెల్లయ్యాక చూసుకుంటే పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియదు. మా వాడికి మొదటి నవంబర్‌లో అదే జరిగింది. నాలుగింటికే చీకటి పడటం వాడికి ఇంగ్లండ్‌లోనే అలవాటు, కానీ ఇక్కడ చలి ఎక్కువ, ఆదివారం షాపులు కూడా లేవు. ఆ ఒక్క రోజు మౌనం వాడిని బాగా కుంగదీసింది. శనివారం రాత్రి ఫోన్ చేసి "ఏం లేదు పిన్నీ, ఊరికే" అనేవాడు. ఊరికే అన్నాడంటే ఊరికే కాదని మనకు తెలుసు. నేను ప్రతి ఆదివారం భోజనానికి రమ్మన్నాను. ముద్దపప్పు, ఆవకాయ, వాడు కాచిన నెయ్యి. ఇక్కడ మీకు బంధువులు లేకపోతే ఆదివారానికి ముందే ఏదో ఒకటి అనుకుని పెట్టుకోండి. ఎవరినైనా వంటకు పిలవండి, లేదా మీరు వెళ్ళండి. ఎండ ఉంటే టెంపెల్‌హోఫ్ మైదానానికి వెళ్ళండి. 2008లో మూసేసిన విమానాశ్రయం అది, 2010 నుంచి పార్కు. ఆ రన్‌వే మీద నడుస్తుంటే ఎవరో ఒకరు పలకరిస్తారు. గుడికి వెళ్ళాలనిపిస్తే బ్రిట్జ్‌లో తమిళులు కట్టుకున్న మురుగన్ గుడి ఉంది.

జర్మన్ నేర్చుకోవడానికి ప్రతి జిల్లాలో ఫోక్స్‌హోఖ్‌షూలె ఉంది, ప్రభుత్వం నడిపే సాయంత్రపు బడి. ప్రైవేటు స్కూళ్ళ కంటే చాలా చవక, క్లాసులో ప్రపంచం నలుమూలల వాళ్ళూ ఉంటారు. వచ్చిన మొదటి నెలలోనే చేరండి, పర్మిట్ వచ్చాక చేరదాం అనుకుంటే ఎప్పటికీ చేరరు.

తెలుగు వింటూ పెరిగిన పిల్లలకు ఒక మేలు ఉంది. జర్మన్‌లో 'డూ', 'జీ' అని రెండు ఉన్నాయి, అచ్చం మన నువ్వు, మీరు. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాళ్ళకు ఎప్పుడు ఏది వాడాలో తెలియక తికమక. మా వాడికి నేను ఒకటే చెప్పాను, "మీ తాతయ్యతో ఎలా మాట్లాడతావో ఆఫీసుల్లో అలా మాట్లాడు, మీ బావతో మాట్లాడినట్టు వేగేలో మాట్లాడు." ఆ రోజు నుంచి తడబడలేదు. మీరు నుంచి నువ్వులోకి దిగడానికి పెద్దవాళ్ళే ముందు చెప్పాలన్నది కూడా మన పద్ధతే. ఇంట్లో తెలుగు మాట్లాడించిన అమ్మానాన్నలకు ఇది దక్కిన ఫలం.

అమ్మానాన్నలు చూడటానికి రావాలనుకుంటే ఒక జాగ్రత్త. వాళ్ళవి బ్రిటిష్ పాస్‌పోర్టులైతే వీసా అక్కర్లేదు. ఎన్నేళ్ళుగా బ్రిటన్‌లో ఉన్నా, అక్కడ శాశ్వత నివాసం ఉన్నా, భారతీయ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసా కావాలి. మా బావగారు ఇది తెలియక టికెట్లు ముందు కొన్నారు. నెలల ముందే అప్లై చేయించండి.

ఉండిపోవాలన్నా, వెళ్ళిపోవాలన్నా

2024 జూన్ 27 నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటోంది. సాధారణంగా ఐదేళ్ళ నివాసం, బీ1 అనే మధ్యస్థాయి జర్మన్ భాష ఉంటే బ్రిటిష్ పాస్‌పోర్ట్ వదులుకోకుండానే జర్మన్ పౌరసత్వానికి అప్లై చేయొచ్చు. అందుకే మొదటి రోజు నుంచి ప్రతి కాగితం, పే స్లిప్, పాత అడ్రస్‌ల రిజిస్ట్రేషన్లు ఒక ఫైల్లో దాచండి. ఇక్కడ కట్టిన పెన్షన్ ఏళ్ళు, బ్రిటన్‌లో కట్టినవి అర్హత లెక్కలో కలుపుతారు, కాబట్టి రెండు వైపుల కాగితాలూ ఉంచుకోండి.

వెళ్ళిపోవాలంటే ఇంటికి సాధారణంగా మూడు నెలల నోటీసు, రాతపూర్వకంగా, సంతకంతో, కాగితం మీద ఇవ్వాలి. ఈమెయిల్ చెల్లదు. దేశం వదిలే వారం ముందు నుంచి అడ్రస్ రద్దు చేయించుకోవచ్చు, వెళ్ళాక రెండు వారాల్లోపు తప్పకుండా చేయాలి. ఆ రద్దు కాగితం ఉంటే ఫోన్, ఇన్సూరెన్స్, టీవీ రుసుము ఆపించడం తేలిక. జర్మన్ బ్యాంకు అకౌంట్ మాత్రం వెంటనే మూసేయకండి. డిపాజిట్ తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది, అది అందులోకే వస్తుంది.